రెండు రోజుల్లో తొమ్మిది చోట్లా?

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక టూరు ప్లాను చేతులు మారి మారి ఒడిశాలోని మా కొరాపుట్ దాకా వచ్చింది. విశాఖ నుంచి రెండు కార్లు, పదకొండు మంది, డిసెంబరు నెల, దేవమాలి కొండ దిగువన ఒక కాటేజీలో రెండు రాత్రుల బస. మొదటి రోజు దేవమాలి మీద సూర్యోదయం, కుందులి సంత, నందపూర్‌లో బత్తీస సింహాసనం (ముప్ఫై రెండు మెట్లది), డుడుమ జలపాతం, వచ్చేటప్పుడు కోలాబ్ డ్యాం. రెండో రోజు గుప్తేశ్వరం గుహ, జయపురం కోట, కొరాపుట్ జగన్నాథ స్వామి గుడి, పక్కనే గిరిజన మ్యూజియం. మొత్తం తొమ్మిది. రెండు రాత్రులూ క్యాంప్‌ఫైర్. భోజనాల గడిలో మాత్రం రెండు రోజులకీ కలిపి ఒకే మాట రాసి ఉంది: ‘దారిలో’.

ప్లాను వేసినవాళ్లని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. తొమ్మిదీ చూడదగ్గవే. అయితే అది చోట్లు లెక్కపెట్టుకుని వేసిన ప్లాను. ఏ చోటికి ఏ గంట పనికొస్తుందో, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎన్ని గంటలు పడుతుందో అందులో ఎక్కడా లేదు. కొండ మీద బస తీసుకున్నవాళ్లు రోజుకి ఒక్క చోటికే కారు తీయాలి, మిగతా పొద్దంతా కాటేజీ చుట్టూ కాళ్ల మీద తిరగాలి అన్నది నా వాదన. ఇది సోమరితనంలా వినిపిస్తుందని తెలుసు. లెక్క వేసి చూద్దాం.

కిలోమీటర్లు, పొద్దు

కాటేజీ నుంచి సిమిలిగుడ, నందపూర్, లమ్తాపుట్ మీదుగా డుడుమ వెళ్లి రావడమంటే 150 కిలోమీటర్ల పైమాటే. మలుపులు, ఆవులు, మేకల మందలు, రోడ్డు మీదే ఆరబోసిన చోళ్లు (రాగులు), ఎదురొచ్చే జీపుకి దారివ్వడానికి వెనక్కి తీసుకోవడం, ఇవన్నీ కలుపుకుంటే గంటకి 30 కిలోమీటర్ల సగటు దాటదు. అంటే 5 గంటలు సీట్లోనే. గుప్తేశ్వరం పోను రాను 200 దాటుతుంది. కొరాపుట్, జయపురం మధ్య రోడ్డు బాగుంటుంది కాబట్టి కొంత కలిసొచ్చినా, 6 గంటలకి తగ్గదు. ఫోన్లో మ్యాపు ఇంతకంటే తక్కువ చూపిస్తుంది. పైగా ఒక్కోసారి పది కిలోమీటర్లు కలిసొస్తుందని ఊళ్ల మధ్యనుంచి సిమెంటు బాట పట్టిస్తుంది. ఆ బాట చివర వంతెన లేని గెడ్డ (వాగు) ఉందన్న సంగతి దానికి తెలీదు. సిగ్నల్ పోకముందే మ్యాపు దించి పెట్టుకోవడం మంచిదే. అంతకంటే కాటేజీ వాచ్‌మన్ని అడిగి బయల్దేరడం ఇంకా మంచిది.

ఇప్పుడు పొద్దు సంగతి. దేశం గడియారానికి కొలతైన 82.5 డిగ్రీల రేఖాంశం జయపురం పక్కనుంచే పోతుంది. అందుకని ఇక్కడ గడియారం, సూర్యుడు ఇంచుమించు ఒకే మాట మీద నడుస్తాయి. డిసెంబరు చివర్లో సుమారు 6:25కి పొద్దు పొడుస్తుంది, 5:25కి కుంకుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి ఇరవై నిమిషాల ముందే సాయంత్రమైపోయినట్టు ఉంటుంది. లోయలో ఉన్న ఊళ్లకి పడమటి కొండ అడ్డమొచ్చి ఇంకో అరగంట ముందే నీడ పడుతుంది. మన అక్షాంశంలో సంధ్య వెలుగు ఎక్కువసేపు నిలవదు. పొద్దు కుంకిన పాతిక నిమిషాలకి దారి కనపడదు. మొత్తం మీద చేతిలో ఉండేది 11 గంటల వెలుగు. ప్లానులో మొదటి రోజు కారు ప్రయాణమే 8 గంటలు. అయిదు చోట్లకీ కలిపి మిగిలేది 3 గంటలు. అందులోనే ‘దారిలో’ భోజనం, పదకొండు మంది బాత్రూములు.

సూర్యోదయం తప్పిపోతే

అసలు పేచీ ఇక్కడే. దేవమాలి అనగానే తెల్లవారుజామున 4:30కి లేచి కారెక్కాలన్నది ఒక ఆచారమైపోయింది. శిఖరం ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది. పాత లెక్కలో 5,486 అడుగులు. పైదాకా కారు పోతుంది. అదే దాని అదృష్టం, అదే దాని ఖర్మ.

జనం చూడాలనుకునేది నిజానికి సూర్యుణ్ణి కాదు, సూర్యుడు భీమిలి బీచిలోనూ ఉదయిస్తాడు. కావలసింది కింద లోయల నిండా పరుచుకున్న మబ్బు. అది ఎలా వస్తుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో తెలుస్తుంది. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లు జారినట్టే వాలు వెంట జారి లోయలో మడుగు కడుతుంది. అందులోని చెమ్మ మంచుగా మారుతుంది. శిఖరం ఆ మడుగుకి పైన ఉంటుంది కాబట్టి అక్కడ నిలబడితే తెల్లని సముద్రం, మధ్యమధ్యలో ద్వీపాల్లాగా పక్క కొండల తలలు కనపడతాయి. ఎండ తగిలాక నేల వేడెక్కి ఆ మంచు మెల్లగా పైకి లేస్తుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో అది కొండ మెడ దాకా వచ్చి శిఖరాన్నే కమ్మేస్తుంది. ఒక అరగంట పక్కమనిషి కూడా సరిగా కనపడడు. ఆ తర్వాత చెదిరిపోతుంది.

కాబట్టి మంచి గంట ఏడుకీ ఎనిమిదికీ మధ్యన. మబ్బు ఇంకా కిందే ఉంటుంది, వెలుగు వచ్చేసి ఉంటుంది, సూర్యోదయం బ్యాచి దిగిపోతూ ఉంటుంది. ఆరున్నరకి కాటేజీలో టీ తాగి బయల్దేరినా అందుతుంది. తప్పిపోయేది ఎర్రని బంతి పైకొచ్చే రెండు నిమిషాలు. దాని బదులు తప్పేది చీకట్లో, మంచులో ఘాట్ రోడ్డు ఎక్కడం. ఆ ఎక్కడంలో ఏమవుతుందంటే, మొదట డ్రైవరు హై బీమ్ వేస్తాడు. వెలుగు మంచు చుక్కలకి తగిలి వెనక్కే కొట్టి ఎదురుగా తెల్లగోడ కట్టేస్తుంది. లో బీమ్ మీదే పోవాలి. ఏడుగురి ఊపిరికి అద్దం లోపలివైపు మసకబారుతుంది. గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ అంతే. ఏసీ వేసి, బయటి గాలి లోపలికి తీసుకునే బటన్ నొక్కితే పోతుంది. చలికాలంలో ఏసీ ఏమిటని పెద్దవాళ్లు గోల పెడతారు, పెట్టనివ్వాలి. నాలుగు వైపులా లైట్లు మిణుకుమిణుకుమని వేసుకుని నడపడం ఇంకో అలవాటు. అవి ఆగిన బండికి. కదిలే బండికి వేస్తే ఏ వైపు తిరుగుతున్నాడో వెనకవాడికి తెలీదు. ఇవన్నీ దాటి పైకి చేరితే ఆఖరి ప్రమాదం అక్కడ ఉంటుంది: బళ్లన్నీ ఒకే చోట, చీకట్లో, అంచు వైపుకి రివర్స్ చేసుకోవడం.

వెలుగులో వెళ్లేవాళ్లకి ఇంకో సౌకర్యం, నడవచ్చు. శిఖరానికి మూడు కిలోమీటర్ల ఇవతల, రోడ్డు వెడల్పున్న చోట చూసి కారు ఆపుకోండి. అంత దూరంలో రెండు వందల మీటర్లు ఎక్కుతామనుకున్నా, అలవాటు లేనివాళ్లకి గంటంబావు పడుతుంది. మనిషికి లీటరు నీళ్లు చాలు. పైన చెట్టు ఉండదు, గడ్డి మాత్రమే. కొండ ఒళ్లంతా ఖోండలైట్ రాయి (ఇక్కడి కోందుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు), నెత్తిన మాత్రం లేటరైటు అనే ఎర్రరాతి పెంకు, దాని కింద బాక్సైటు (అల్యూమినియం ఖనిజం). ఆ పెంకు మీద చెట్టు వేరు దిగదు. ఎక్కేటప్పుడు ఆ నేలతో ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడే. శనగగింజంత గుండ్రటి ఎర్రరాళ్లు అరికాలి కింద గోళీల్లా దొర్లుతాయి. అడ్డదారి పట్టి నిటారుగా దిగినవాళ్లు వెనక్కి పడి చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునేది ఇలాగే. మోకాళ్లు కొద్దిగా వంచి, పొట్టి అడుగులు వేస్తూ, పాదాన్ని కొంచెం పక్కకి తిప్పి దిగాలి. బూటు అడుగున గీతలు అరిగిపోయి ఉంటే రోడ్డు మీదే నడవండి.

ఏప్రిల్, మే నెలల్లోనూ దసరా ముందు వెనకల్లోనూ వచ్చేవాళ్లకి లెక్క వేరు. అప్పుడు మధ్యాహ్నం మూడు దాటితే శిఖరం మీద ఉండకూడదు. బోడి కొండ మీద మనిషే ఎత్తైన వస్తువు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ పట్టిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉంది. ఇక ఫొటోలు ఆపి కారులోకి పోవాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి.

కాటేజీ ఎక్కడుందో అడిగారా?

బుకింగులో గదుల ఫొటోలు చూస్తారు, పరుపు మందం చూస్తారు. కాటేజీ వాలు మధ్యన ఉందా, గెడ్డ పక్కన గుంటలో ఉందా అని ఎవరూ అడగరు. చల్లగాలి లోయలోకి జారుతుందని చెప్పుకున్నాం కదా, గెడ్డ పక్కన ఉన్న కాటేజీ ఆ మడుగులో మునిగి ఉంటుంది. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందనే అందరి లెక్క. పగటిపూట అది నిజమే. వెయ్యి మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కొండల దిగువన ఉన్న సాలూరు నుంచి శిఖరానికి పది డిగ్రీలు తేడా అన్నమాట. కానీ డిసెంబరు తెల్లవారుజామున లెక్క తిరగబడుతుంది. గుంటలో ఉన్నవాళ్లు వణుకుతుంటే వంద మీటర్లు పైన ఉన్నవాళ్లు అంత వణకరు. పైగా గుంటలో తొమ్మిదిదాకా మంచు విడవదు. అదే వాలు మధ్యలో తూర్పుకి తిరిగిన వరండా దొరికిందంటే సూర్యోదయం మంచం మీదికే వస్తుంది. అప్పుడు 4:30 గొడవే లేదు.

చలికి తలుపులేసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో దుప్పటి అడగండి. దోమతెర కూడా అడగండి. ఇంత చలిలో దోమలేమిటి అనుకుంటారు గానీ కొరాపుట్ కొండలకి మలేరియా కొత్త కాదు. ఇంటికెళ్లిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికెళ్లొచ్చారో డాక్టరుకి మీరే చెప్పాలి.

కాటేజీ చుట్టూ ఏముంటుందని అడుగుతారు. నవంబరు, డిసెంబరుల్లో వలిసెల తోటలు ఉంటాయి. తోట అన్నాను గానీ అది పంట, నూనెగింజ. ఫొటో కోసం పసుప్పూల మధ్యలోకి నడిచేవాళ్లు తొక్కుతున్నది ఒక ఇంటి నూనె. గట్టు మీద కూర్చుని ఫొటో తీసుకున్నా పూలు అంతే పచ్చగా పడతాయి. కోసిన చోళ్ల కుప్పలు, మెట్టు మెట్టుగా వాలు మీద చెక్కిన మడులు, ఆ మెట్ల మీంచి ఒక మడి నుంచి ఇంకో మడికి గొట్టం లేకుండా దిగే ఊట నీళ్లు. ఎక్కడ గండి కొట్టారో, ఎక్కడ రాయి అడ్డం పెట్టారో వెతుక్కుంటూ గెడ్డ పైకి నడిస్తే రెండు గంటలు ఇట్టే పోతాయి. కనపడిన పెద్దవాళ్లకి ‘జుహార్’ అని దండం పెడితే చాలు. తర్వాతి మాటలు దేశియా ఒడియాలో, అంటే ఇక్కడి యాస ఒడియాలో నడుస్తాయి. పొట్టంగి వైపు తెలుగూ నడుస్తుంది.

సంతకి వెళ్లేది ఎందుకు?

ప్లానులో కుందులి సంతకి నలభై నిమిషాలు కేటాయించారు. ఆ రోజు సంత ఉందో లేదో చూసినట్టు లేదు. సంత వారానికొక్కసారే. ఒనకడిల్లి గురువారం, రాయగడ వైపు చాటికోన బుధవారం. కుందులికి ఏ రోజో కాటేజీ వాళ్లని అడిగి, దానికి తగ్గట్టు సెలవు పెట్టుకోవాలి. సెలవు పెట్టేశాక సంత రోజు వెతుక్కుంటే దొరకదు. సరుకు కొండ దిగి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, పదకొండుకి సంత నిండుగా ఉంటుంది, రెండు దాటితే లారీలకి ఎత్తేస్తుంటారు.

ఒక దృశ్యం ఇక్కడ మామూలే. పట్నం నుంచి వచ్చినావిడ అల్లం కుప్ప ముందు నిలబడి ‘కిలో ఎంత?’ అంటుంది. అమ్మే ఆవిడ దగ్గర తక్కెడ లేదు. కుప్ప చూపించి ఒక ధర చెబుతుంది. ఈవిడ ‘కిలో, కిలో’ అని మళ్లీ అడుగుతుంది. ఆవిడ కుప్ప మీద ఇంకో ముక్క పెట్టి అదే ధర చెబుతుంది. ఇద్దరికీ కోపం వస్తుంది. పక్కన ధాన్యం కొలిచే చోట ‘అడ్డ’, ‘మాణ’ అని వినిపిస్తాయి. అడ్డెడు, మానెడు అని మన అమ్మమ్మలు కొలిచిన మాటలే. అల్లం అయితే ముందు సంతంతా ఒక చుట్టు చుట్టి, నాలుగైదు కుప్పలు చేత్తో ఎత్తి చూసి, తర్వాత బేరం మొదలుపెట్టాలి. కొత్త అల్లం తోలు గోటికే లేస్తుంది, బరువులో ఎక్కువ భాగం నీళ్లే. నిల్వ ఉండేది కావాలంటే తోలు బిగిసినది ఏరుకోవాలి. నలభై నిమిషాల్లో అయ్యే పని కాదు. మనుషుల ఫొటోలు అడగకుండా తీయొద్దు. ముక్కుపుడకలు, మెడలో కడియాలు చూసి ముఖం మీదికి ఫోను పెట్టేవాళ్లని చూస్తే, వాళ్లింటి పెళ్లిలో ఎవరో ముక్కూ మొహం తెలీనివాడు అలాగే చేస్తే ఊరుకుంటారా అనిపిస్తుంది.

‘మళ్లీ మళ్లీ వస్తామా?’

నా వాదనకి ఎదురుగా వచ్చే మాటల్లో గట్టిది ఇదే. నాలుగేళ్లకోసారి సెలవులు కుదురుతాయి, పదకొండు మందిని కూడగట్టడమే ఒక యజ్ఞం, ఇంతదూరం వచ్చి డుడుమ చూడకుండా పోతే ఎలా అంటారు. నడవలేని నాయనమ్మ ఉంటుంది, నడవనని మొరాయించే పిల్లాడు ఉంటాడు. ఇంకో మాట కూడా ఉంది: మీరు నడుచుకుంటూ తిరిగితే సిమిలిగుడ జీపు డ్రైవరు ఏం తినాలి?

మూడింటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాయనమ్మ విషయంలో మటుకు సులువు. ఒక కారు పెద్దవాళ్లని శిఖరం దాకా తీసుకెళ్తుంది, కుర్రాళ్లు మూడు కిలోమీటర్లు నడిచొస్తారు. జీపు మాట నిజమే. అందుకే సొంత కారు కాటేజీలో పెట్టి, ఆ ఒక్క ప్రయాణానికి స్థానికుడి జీపు మాట్లాడుకోండి. ఆ మలుపులు అతనికి కంఠతా వచ్చు, మీ డ్రైవరుకి ఒక పూట నిద్ర.

డుడుమ విషయంలో నేనూ తగ్గుతాను. 175 మీటర్ల ఎత్తునుంచి పడే నీళ్లని చూసే తీరాలంటే ఒక రోజంతా దానికే ఇచ్చేయండి. కాకపోతే నెల చూసుకోవాలి. మాచ్‌ఖండ్ నది నీళ్లని పైన జోలాపుట్ జలాశయంలో నిల్వచేసి, డుడుమ దగ్గర ఆనకట్ట కట్టి విద్యుత్ కేంద్రానికి మళ్లిస్తారు. 1955 నుంచీ ఆ కరెంటు రెండు రాష్ట్రాలూ పంచుకుంటున్నాయి. జలపాతానికి దక్కేది మిగిలిన నీళ్లే. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆ మిగులు ఘనంగా ఉంటుంది, మార్చికి సన్నగా ధార కడుతుంది. ‘ఇంతేనా’ అని నిట్టూర్చేవాళ్లు సాధారణంగా వేసవి సెలవుల వాళ్లే. పొద్దున్నే పోతే లోయ నిండా మంచు, సాయంత్రమైతే నీడ. పదకొండుకీ రెండుకీ మధ్య చూడాలి. అంటే కాటేజీలో ఎనిమిదికి బయల్దేరి, చీకటి పడకముందే తిరిగి చేరడం. మధ్యలో ఇంకేదీ ఇరికించడానికి లేదు. దారిలోనే ఉంది కాబట్టి నందపూర్ మెట్ల సింహాసనం దగ్గర అరగంట ఆగితే అడ్డు చెప్పను. ఎగువన నీళ్లు ఎప్పుడు వదులుతారో మనకి తెలీదు కాబట్టి కింద గుండంలో స్నానాలకి దిగడం మాత్రం వద్దు. బండ మీద పచ్చటి పాకుడు ఎండినట్టు కనపడుతుంది గానీ, కాలు పెట్టాక తెలుస్తుంది.

క్యాంప్‌ఫైర్ గురించి ఒక్కమాటే. జనవరి దాటితే కొండగడ్డి చిటపటలాడేలా ఎండి ఉంటుంది. నిప్పు చుట్టూ రెండు మీటర్లు గడ్డి గీకెయ్యాలి, పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉండాలి. పడుకునే ముందు బూడిదని కర్రతో కలియబెడుతూ, చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా నీళ్లు పొయ్యాలి. మట్టి కప్పేసి లేచిపోతే కింద నిప్పు పొద్దుటిదాకా బతికే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి కూడా గంట ఉంది. సుంకి దాటాక సాలూరు ఘాట్‌లో లారీల వెనకాల చీకట్లో దిగకూడదు, మధ్యాహ్నం మూడు లోపే దిగెయ్యాలి. ఏ గేర్‌లో ఎక్కుతారో అదే గేర్‌లో దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, ఇప్పటికీ చెల్లుతుంది. రెండో గేరులో వేసి, బ్రేకు అదిమిపెట్టి ఉంచకుండా నొక్కి వదులుతూ దిగాలి. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్‌లో పెట్టుకోవాలి. చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే చదునైన చోట చూసి ఆపి, అరగంట చల్లారనివ్వాలి. వేడి మీద నీళ్లు కొట్టకూడదు, డిస్కు వంకరపోతుంది.

ఆ వాట్సాప్ ప్లానుకి తిరిగొస్తే, గుప్తేశ్వరం, జయపురం, మ్యూజియం, గుడి, కోలాబ్ వేరే ట్రిప్పుకి. వాటికి జయపురంలో గది తీసుకోవడం నయం. మిగిలినవి దేవమాలి, కుందులి, నందపూర్‌తో కలిపి డుడుమ. ఉన్నవి రెండు రోజులు కాబట్టి ఇందులోనూ ఒకటి పోతుంది. వాన పట్టుకుంటే ఇంకోటి కూడా పోతుంది, ఆ రోజుకి పేకముక్కలు మర్చిపోకుండా తెచ్చుకోండి, సిమిలిగుడ వెళ్లి కొనుక్కోవాలంటే మళ్లీ కారు తీయాలి.